నేలమీద సిపాయి పది అడుగులు బతకాలంటే

నేను ఇరవై ఏళ్లు ఏం ఉద్యోగం చేశానో చంపాపేటలో మా అపార్ట్‌మెంట్ వాళ్లకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. కంప్యూటర్లో బొమ్మలు వేస్తుందట అని ఎదురు ఫ్లాట్ ఆవిడ అందరికీ చెప్పింది. మా ఆయన్ని అడిగితే, "యుద్ధాలు చేస్తుందండీ, ఆదివారం సెలవు" అని లిఫ్ట్ ఎక్కేసేవారు. ఇద్దరి మాటా అబద్ధం కాదు. ఎక్కడెక్కడివాళ్లో వందమంది ఒకేసారి ఆన్‌లైన్‌లో ఆడే యుద్ధం ఆట ఒకటుంది. ఆ ఆటకు నేల గీసే పని నాది. గుట్టలు, గోడలు, గుంతలు, రోడ్లు, సిపాయి ఎక్కడ మొదలవుతాడు, ఎక్కడికి పోవాలి, మధ్యలో ఎక్కడ చస్తాడు, ఇదంతా నా శాఖ.

పోయిన నెల రిటైరయ్యాను. ఈ రంగంలోకి కొత్తగా వస్తున్నవాళ్లు ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి, "ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే మంచిది మేడమ్?" అని అడిగారు. సాఫ్ట్‌వేర్ సంగతి నన్నడక్కండి. నేను నేర్చుకున్నవి ఇప్పుడు పాత సామాన్లవాడు కూడా తీసుకోడు. ప్రమోషన్లు, సర్టిఫికెట్లు, శాలువాల గురించీ రాయను. వాటివల్ల నాకే ఏమీ బోధపడలేదు, మీకేం బోధపడుతుంది? నేను రాసేది కాల్బలం గురించి. అంటే తుపాకీ పట్టుకుని, నేలమీద, సొంత కాళ్లతో నడిచే మామూలు సిపాయి గురించి. వాణ్ణి పది అడుగులు బతికించడానికి నాకు ఒక ఎండాకాలమంతా పట్టింది. అందులో సగం నా పొగరువల్లే పట్టింది.

పైన విమానం, కింద పురుగు

మాది తెనాలి. పెళ్లయ్యాక ఇటొచ్చి ఒక సర్వే కంపెనీలో మ్యాపులు గీసేదాన్ని. నలభైకి దగ్గరపడ్డాక దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో చేరి కంప్యూటర్ మీద గుట్టలూ ఇళ్లూ కట్టడం నేర్చుకున్నాను. మొదటిరోజు క్లాసులో పక్క సీటమ్మాయి, "ఆంటీ, మీ బాబు రాలేదా?" అని అడిగింది. నేనే ఆ బాబునని చెప్పి కూర్చున్నాను. అదే వీధిలో ప్రభాకర్ గారు ఆటల కంపెనీ పెడుతూ మ్యాపులు తెలిసినవాళ్లకోసం వెతుకుతుంటే దొరికిపోయాను.

ప్రభాకర్ గారిది గుడివాడ వైపు. మంచి మనిషి. గొంతెత్తడం తెలియదు. ఎవర్నయినా ఉద్యోగంలోంచి తీసేయాలన్నా "అండీ" అంటూ గౌరవంగానే తీసేస్తారు. ఆయనకు రెండంటే ప్రాణం, విమానాలూ ట్యాంకులూ. ట్యాంకు పట్టా తిరిగే చప్పుడు కోసం పెద్ద అంబర్‌పేట్ దాకా వెళ్లి, రోడ్డు పని చేస్తున్న బుల్‌డోజర్ పక్కన రికార్డర్ పట్టుకుని మిట్టమధ్యాహ్నం నిలబడ్డారు. వడదెబ్బ తగిలి రెండురోజులు పడుకున్నారు కూడా. చప్పుడు మాత్రం అద్భుతంగా వచ్చింది.

ఆ ఆటలో సిపాయి సవతి బిడ్డ. యుద్ధమన్నాక మనుషులుండాలి కదా అని పెట్టారు తప్ప, వాడి మంచీచెడూ ఎవరూ చూడలేదు. విమానాలూ ట్యాంకులూ పాతవాళ్లు ఎక్కేసేవారు. కొత్తగా వచ్చినవాడికి మిగిలేది సిపాయి వేషం. వాడు పుడతాడు, నడుస్తాడు, నడుస్తూనే ఉంటాడు, ఎక్కడో ఏదో పేలుతుంది, తెర ఎర్రబడుతుంది. మళ్లీ పుడతాడు. పురాణాల్లో పాపాత్ములకు కూడా జన్మకీ జన్మకీ మధ్య కాస్త విరామం ఇస్తారు. వీడికి అదీ లేదు. నాలుగో జన్మకల్లా ఆట మూసేసి పోయేవాడు, ఇక తిరిగొచ్చేవాడు కాదు.

మార్చిలో ఒక సోమవారం ప్రభాకర్ గారు మా నేల జట్టు ఏడుగురినీ పిలిచారు.

"కాల్బలం ఎవరూ ఆడట్లేదండీ. వానలు మొదలయ్యేదాకా చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే తీసేద్దాం. విమానాలూ ట్యాంకులూ చాలు మనకి" అన్నారు.

"మరి మా సంగతేంటండీ?" అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "విమానాల జట్టులో ఇద్దరికి చోటుందండీ" అన్నారు.

ఆ ఇద్దరిలో నేనుంటానని అందరికీ తెలుసు, నాకూ తెలుసు. ఇంకొకరు కిశోర్. మేం గీసిందాన్ని నడిపించే ప్రోగ్రాం రాసేవాడు, వాణ్ణి వదులుకోరు. అసలు చోటే దొరకనివాడు ఎవరో కూడా తెలుసు. చివరి కుర్చీలో కూర్చున్న యాదగిరి.

యాదగిరిది నల్గొండ దగ్గర పల్లె. అప్పటికి ముప్పై అయిదేళ్లుంటాయి. ఎల్‌బీ నగర్‌లో కిరాయి ఇల్లు, భార్య, బడికి పోయే ఇద్దరాడపిల్లలు. మా దగ్గరికి రాకముందు ఎల్‌బీ నగర్ చౌరస్తాలో విజయవాడ బస్సులకు జనాన్ని కేకలేసి ఎక్కించేవాడు. మా దగ్గర టెస్టర్. అంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆట ఆడి, ఎక్కడ తప్పుందో రాసి పెట్టాలి. డిగ్రీ లేదు. ఈ పనికి వాణ్ణి ఇంకో కంపెనీ గుమ్మం కూడా ఎక్కనివ్వదు. మా దగ్గర పోతే మళ్లీ చౌరస్తాలో నిలబడి "బెజవాడ, బెజవాడ" అని అరవాల్సిందే.

నిజం చెప్పాలంటే ఆ సోమవారం నాకు బాధ కలిగింది గానీ భయం కలగలేదు. నా కుర్చీ భద్రంగా ఉంది కదా. ఈ మాట రాయడానికి ఇప్పుడు మొహమాటంగా ఉంది, అయినా రాస్తున్నాను.

నా తెలివితేటలు

ముందు తుపాకీ మార్చాను. భుజం మీద పెట్టుకుని ట్యాంకును పేల్చే గొట్టం ఒకటి ప్రతి సిపాయికీ ఇచ్చాను. బలహీనుడి చేతిలో బలమైన ఆయుధం పెడితే సరిపోతుందనుకున్నాను. మర్నాడు ప్రభాకర్ గారు మా కళ్లముందే తన ముద్దుల ట్యాంకెక్కి బయల్దేరారు. షెడ్డు దాటకముందే పదకొండుమంది సిపాయిలు పదకొండు గొట్టాలు పేల్చారు. ఆయన మా వైపు తిరిగి, "ఇది యుద్ధం కాదండీ విజయగారూ, దీపావళి" అన్నారు. గొట్టాలు వెనక్కి తీసుకున్నాను.

తర్వాత ప్రాణం పెంచాను. ఒక్క తూటాకు పోయేవాడు ఇప్పుడు ఎనిమిది తగిలినా లేచి నడుస్తాడు. ఇద్దరు సిపాయిలు ఎదురుపడితే కాల్చుకునేవారు, తూటాలు నింపుకునేవారు, మళ్లీ కాల్చుకునేవారు, ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. పెళ్లింట్లో వియ్యపురాళ్ల దెప్పిపొడుపుల్లా అలా సాగుతూనే ఉండేది. చూసేవాళ్లకు ఆవులింతలొచ్చాయి. అదీ తీసేశాను. ఏప్రిల్ అయిపోయింది.

ఈ మధ్యలో యాదగిరి రిపోర్టులు వస్తూనే ఉన్నాయి. టెస్టర్ రిపోర్టుకు మా దగ్గర ఒక పద్ధతుంది. ఏం జరిగింది, ఎక్కడ జరిగింది, ఏం చేస్తే మళ్లీ జరుగుతుంది, అన్నీ గళ్లుగా ఉంటాయి. యాదగిరి మొదటి గడిలో ఒకే ఒక్క లైను రాసేవాడు.

*సచ్చిన. ఎందుకో తెల్వలే.*

మిగతా గళ్లన్నీ ఖాళీ. మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే. నాకు ఒళ్లు మండేది. ప్రతిదాని కిందా "వివరాలు చాలవు" అని రాసి మూసేసేదాన్ని, అంటే ఇక దాని సంగతి ఎవరూ చూడక్కర్లేదని తేల్చేసేదాన్ని. ఒకరోజు మాత్రం పిలిచి కడిగేశాను.

"ఏంటి యాదగిరీ ఇది? ఎక్కడ చచ్చావు, ఎవరు కాల్చారు, ఎటునుంచి కాల్చారు, ఏమీ రాయవా?"

"ఎర్కుంటే రాయనా మేడం? తెల్వలే అనే కద రాసిన."

"చూసుకోవాలి కదా!"

"ఏం సూస్త? నడుస్తున్న. నడుస్తున్న. ధన్‌మన్నది. తెర ఎర్రగైంది. గంతే. ఇంటికి ఫోన్ చేసి చెప్పెటోడు గూడ లేకపాయె."

కిశోర్ పక్కనుంచి పకపకా నవ్వాడు. నేను నవ్వలేదు. ఆఫీసంటే బస్టాండు కాదనీ, రేపట్నుంచి వివరంగా రాయాలనీ గట్టిగా చెప్పాను. బస్టాండు మాట అనాల్సింది కాదు. యాదగిరి తలూపి వెళ్లిపోయాడు. మర్నాడు నిజంగానే వివరంగా రాశాడు.

*పొద్దుగాల పదింటికి సచ్చిన. మళ్ల పదీపావుకు సచ్చిన. రెండుసార్లు మంచిగనే సచ్చిన. ఎందుకో తెల్వలే.*

దాని కింద కూడా "వివరాలు చాలవు" అనే రాశాను. అలాంటివి మొత్తం నలభై మూసేశాను.

రెండు నిమిషాల దూరం

మే మొదటివారంలో ఒక మధ్యాహ్నం, అందరం డబ్బాలు విప్పుకున్న సమయంలో, యాదగిరి నా కుర్చీ దగ్గరికొచ్చాడు.

"మేడం, ఒక్క మాట. కోపం జేయొద్దు. మీరు గీ మ్యాప్‌ల ఎన్నడన్న నడిచిన్రా?"

"నేనే గీశానయ్యా దీన్ని!"

"గీసిన్రు. నడిచిన్రా?"

మ్యాపు గీసేవాళ్లం ఎప్పుడూ పైనుంచి చూస్తాం. గద్ద చూసినట్టు మొత్తం కనిపిస్తుంది. ఎక్కడ ఏ శత్రువున్నాడో, ఏ గుట్ట వెనక ఏ ట్యాంకుందో మాకు ముందే తెలుసు. ఎప్పుడైనా కిందికి దిగి చూడాల్సివస్తే ఆటలో ఉన్న జీపు తీసేవాళ్లం. జీపు ఉండగా నడవడమెందుకు? కిశోరూ అంతే, అందరూ అంతే.

డబ్బా మూతపెట్టి వెళ్లి యాదగిరి కుర్చీలో కూర్చున్నాను. సిపాయిగా పుట్టాను. దూరంగా గుట్టమీద జెండా, అక్కడికి పోవాలి. నడక మొదలుపెట్టాను. నడిచాను. నడిచాను. కిశోర్ పెరుగన్నం తిని, డబ్బా కడుక్కుని వచ్చాడు. నేనింకా నడుస్తూనే ఉన్నాను. చుట్టూ అరచేయిలాంటి మైదానం. నేనే గీశాను దాన్ని, పైనుంచి చూస్తే ఎంత అందంగా ఉండేదో! జెండా కాస్త పెద్దదయిందని సంతోషించేలోపు ధన్‌మంది. తెర ఎర్రబడింది.

మళ్లీ పుట్టాను, మళ్లీ నడిచాను, మళ్లీ అదే. మూడోసారి పోయినప్పుడు నా నోట్లోంచి అనుకోకుండా వచ్చేసింది.

"నేనెందుకు చచ్చానసలు?"

యాదగిరి వెనక నిలబడి ఉన్నాడు. "గదే కద మేడం నేను నలభై మాట్ల రాసింది" అన్నాడు. వాడి గొంతులో వెక్కిరింత లేదు. ఉంటే నయంగా ఉండేది.

ఆ దూరం అంత ఎలా వచ్చిందో ఆ మధ్యాహ్నమే తెలిసింది. ఆట మొదలుపెట్టిన కొత్తలో, సిపాయి పుట్టినచోటు నుంచి జెండా దాకా ఎంత దూరముండాలి అని మీటింగులో అడిగాను. అందరూ ముక్తకంఠంతో "రెండు నిమిషాలు" అన్నారు. ఈ ఊళ్లో ఎవర్ని ఏ దూరం అడిగినా రెండు నిమిషాలే. చంపాపేట ఎంత దూరం? రెండు నిమిషాలే. కొత్తపేట? రెండు నిమిషాలే. అది బండి మీద రెండు నిమిషాలని మనకి విడిగా చెప్పక్కర్లేదు, అలవాటైపోయింది. నేనూ జీపెక్కి, రెండు నిమిషాలు తోలి, ఆగినచోట జెండా పాతేశాను. మా ఏడుగురిలో ఆరుగురం రోజూ బండి మీద ఆఫీసుకొచ్చేవాళ్లమే. ఎవరికీ తప్పనిపించలేదు. బస్సు దిగి నడిచొచ్చేవాడు ఒక్కడే, యాదగిరి. వాణ్ణి మీటింగుకు పిలవలేదు.

పిల్లరు దాకా సగం

ఆ సాయంత్రం స్కూటర్ ఆఫీసు కిందే వదిలేశాను. "పద యాదగిరీ, నడవడమంటే ఏంటో నాకూ చూపించు" అన్నాను. వాడు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు గానీ, చూపించాడు.

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు సాయంత్రం ఎలా ఉంటుందో తెలిసిందే. మెట్రో స్టేషన్ మెట్లెక్కి అవతలికి దిగొచ్చు గానీ, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు చేసే పని కాదది. జనమంతా రోడ్డు మధ్య రెయిలింగ్‌లో సందు ఉన్నచోట దాటుతారు. నేను స్కూటర్ మీదనుంచి ఏళ్ల తరబడి ఆ జనాన్ని తిట్టుకున్నదాన్నే. ఆవేళ వాళ్లలో నిలబడి చూస్తే ఇటునుంచి బస్సు, అటునుంచి లారీ, మధ్యలో దూరే ఆటోలు. నేను కొంగు దోపుకుని అడుగు వేయబోయాను.

"ఆగుర్రి మేడం!" అని యాదగిరి నా చేతిసంచీ పట్టుకుని లాగాడు. "ఒక్కరే పోతే హారన్ కొడ్తరు. అయిదుగురైతే బ్రేక్ కొడ్తరు. జర మందిని కానియ్యిర్రి."

మంది అయ్యారు. పుస్తకాల సంచులతో కోచింగ్ పిల్లలు, రెండు చేతుల్లో కూరగాయల సంచులతో ఒక భారీ మనిషి. యాదగిరి నన్ను ఆవిడ వెనకాల నిలబెట్టాడు.

"గీ అక్క ఎన్కనే నడ్వుర్రి. మొత్తం రోడ్డు సూడొద్దు, పరేషాన్ అయితరు. సగమే సూడుర్రి. సగం కాడ పిల్లర్ ఉంది. ఆడ ఊపిరి పీల్సుకుని మిగిలిన సగం సూస్కోవచ్చు."

బయల్దేరాం. మూడడుగులు వేశానో లేదో ఎడంపక్కనుంచి పెద్ద హారన్. నేను వెనక్కి పరుగెత్తబోయాను.

"ఎన్కకు రావొద్దు మేడం! డ్రైవర్‌కు లెక్క తప్పుతది!"

కూరగాయల ఆవిడ వెనక్కి తిరిగి, "ఏందమ్మా, ఎన్నడు రోడ్డు దాటలేదా?" అని కేకేసింది. సిగ్గుతోనే ముందుకు పరుగెత్తి మెట్రో పిల్లరుకు అతుక్కుపోయాను. మొదటి ర్యాంకు గ్యారంటీ అని పోస్టరుంది దానిమీద. ఆయాసం తగ్గేదాకా ఆ గ్యారంటీకి వీపు ఆనించి నిలబడ్డాను. రెండువైపులా బస్సులు పోతున్నాయి, నాకేమీ కావట్లేదు. ఆ సంతోషం అంతకుముందు నేనెరగనిది.

"బస్సు కనబడకముందే ఇనబడ్తది మేడం, చెవులు పెట్టుర్రి. ఎటుదిక్కు నుంచి ఒస్తుందో చెవులే చెప్తయి" అన్నాడు యాదగిరి.

పిల్లరు దగ్గర నిలబడే నాకు నా మ్యాపు మొత్తం కళ్లముందు కనిపించింది. సగం దూరంలో దాక్కోవడానికి ఏదీ పెట్టలేదు నేను. ట్యాంకు ఎటునుంచి వస్తుందో చెవికి చెప్పలేదు. పక్కన నలుగురుంటే మేలన్న ధైర్యం ఇవ్వలేదు. నడిచేవాడికి కావాల్సినది తుపాకీ కాదు, ఎక్కువ ప్రాణమూ కాదు. తర్వాతి పిల్లరు ఎక్కడుందో కనపడాలి. వాడు దీన్ని నలభై సార్లు రాస్తే నేను నలభై సార్లు మూసేశాను. నాకు నిజంగా ఏడుపొచ్చింది. దుమ్ము పడిందని చెప్పి కళ్లు తుడుచుకున్నాను.

బండ్లు బంద్

మర్నాడు జట్టు మొత్తానికి వారంరోజులు బండ్లు బంద్ అని చెప్పాను. పెద్ద గొడవైంది. కిశోర్ బుల్లెట్ మీద తప్ప కాలు కింద పెట్టినవాడు కాదు. మూడోరోజు వాళ్లమ్మ నాకు ఫోన్ చేసి, "వాడు బండి ఎవరికైనా గుద్దాడా అమ్మా? దాచకుండా చెప్పు" అని అడిగింది. నాలుగోరోజు కిశోర్ పాదాలకు పట్టీలు వేసుకొచ్చి, ఎవరూ అడక్కుండానే మ్యాపులో జెండాను సగం దూరానికి జరిపాడు.

ఒక మనిషి ఒక్క ఊపిరిలో ఎంత దూరం పరుగెత్తగలడో కొలవడానికి ఆఫీసు మేడెక్కాం. యాదగిరి నీళ్ల ట్యాంకు నుంచి పిట్టగోడ దాకా వంగి పరుగెత్తడం, కిశోర్ ఫోన్లో సమయం చూడటం. పక్క బిల్డింగు మీద బట్టలారేస్తున్న ఆవిడ రెండురోజులు చూసి, మూడోరోజు ఉండబట్టలేక, "ఆయనకేమైనా జబ్బా అండీ?" అని అడిగింది. అదే కొలత మ్యాపంతా పరిచాను. ప్రతి ఊపిరికీ ఒక మొండిగోడ, ఒక కాలవగట్టు, ఒక బోల్తాపడ్డ బండి.

ప్రభాకర్ గారి బుల్‌డోజర్ చప్పుడు అన్ని దిక్కుల నుంచీ ఒకేలా వినిపించేది. కిశోర్ దాన్ని సరిచేశాడు. ఇప్పుడు ఎడమవైపు ట్యాంకు ఎడమ చెవిలో, అదీ కనపడటానికి ముందే వినపడుతుంది. అయిదుగురు కలిసి కాలిస్తే ట్యాంకులో ఉన్నవాడికి అద్దం పగిలి కాసేపు దారి కనపడదు. అయిదుగురైతే బ్రేక్ కొడతారన్న మాటే అది. చివరగా, చచ్చినవాడికి తెర ఎర్రబడగానే ఎక్కణ్ణుంచి ఎవరు కాల్చారో ఒక క్షణం చూపించాం.

అన్నీ సరిగ్గా చేశామని గొప్పలు పోను. సిపాయిల్ని ముందుకు చేరవేయడానికి ఒక లారీ పెట్టాం. మా అందరికీ తెలిసిన పద్ధతిలోనే పెట్టాం, సీట్లు నిండితేనే కదులుతుంది. మాకెవరికీ అందులో తప్పు కనపడలేదు. షేర్ ఆటో అలాగే కదా కదిలేది! బయటివాళ్లకు ఆడటానికిస్తే, పదిమంది పట్టే లారీలో తొమ్మిదిమంది ఎక్కి కూర్చున్నారు. పదోవాడు రాలేదు. యుద్ధం అయిపోయింది, జెండా పోయింది, లారీ కదల్లేదు. ఎక్కడో దూరదేశంలో కూర్చున్న ఆటగాడొకడు మాకు నాలుగు పేజీల ఉత్తరం రాశాడు. యాదగిరి దాన్ని కిశోర్ చేత చదివించుకుని, "మరి ఒక్క సీటు కాళీ వెట్కొని ఎట్ల పోతది?" అని నిజాయితీగా ఆశ్చర్యపోయాడు. లారీని సమయానికి కదిలేట్టు మార్చాం, దార్లో చెయ్యెత్తినవాణ్ణి ఎక్కించుకునేట్టు కూడా పెట్టాం. బస్సుల దగ్గర పనిచేసినవాడు కాబట్టి ఆ ముక్క యాదగిరిదే.

అండీ, ఇంకోసారి

జూన్‌లో మొదటి వాన పడ్డ రోజున ప్రభాకర్ గారు మా గదిలోకొచ్చారు. గొడుగు మూల పెట్టి, అలవాటుగా ట్యాంకు ఎక్కబోయారు.

"మీరు సిపాయిగా ఆడాలండీ" అన్నాను.

"నేనా?"

"ఒక్కసారండీ."

ఆయన అంతకుముందు ఎప్పుడూ తన ఆటలో నేలమీద నడవలేదు. బెరుగ్గా కూర్చున్నారు. మా ఏడుగురం వెనక నిలబడ్డాం. యాదగిరి అందరికన్నా వెనక, గోడకు ఆనుకుని ఉన్నాడు. వాడు ఆవేళ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. దాని అర్థం నాకు తెలుసు. ఉద్యోగం పోతే మర్యాదగా పోవాలని.

ప్రభాకర్ గారు గోడచాటు నుంచి గట్టుచాటుకు పరుగెత్తారు. ఆగారు. తల పక్కకు వంచారు. "ఇది నా బుల్‌డోజరే కదండీ? కుడివైపునుంచి వస్తోంది" అని గుసగుసగా అన్నారు, ట్యాంకువాడు వింటాడేమో అన్నట్టు. పక్కన నలుగురు సిపాయిలు చేరారు. వాళ్లెవరో, ఎక్కడివాళ్లో తెలియదు. ఆయన వాళ్లతో కలిసి కాల్చారు. ట్యాంకు గుడ్డిదై పక్కకు తిరిగింది. ప్రభాకర్ గారు కుర్చీలో ఎగిరి గంతేసి, ఉత్సాహం పట్టలేక గట్టు దాటి మైదానంలోకి ఒక్కరే పరుగు తీశారు. ధన్‌మంది. తెర ఎర్రబడింది.

బయట వాన చప్పుడు వినిపిస్తోంది. ఇక అయిపోయిందనే అనుకున్నాను.

ఆయన తెర వైపే చూస్తూ ఉన్నారు. "చచ్చిపోయానండీ" అన్నారు. తర్వాత వేలితో చూపించారు. "అదిగో, ఆ కిటికీలోంచి కాల్చాడు. గట్టు వదలకుండా ఉండాల్సింది నేను. నాదే తప్పు." కుర్చీ ముందుకు లాక్కున్నారు. "ఇంకోసారండీ."

ఆ సాయంత్రం పదహారుసార్లు చచ్చారాయన. ప్రతిసారీ ఎందుకు చచ్చారో మాకు వివరంగా చెప్పారు. ఆయన కారు డ్రైవరు రెండుసార్లు పైకొచ్చి చూసి వెళ్లాడు. ప్రభాకర్ గారు వెళ్లేముందు గొడుగు తీసుకుంటూ, "కాల్బలం ఉండనివ్వండి. దారి పొడుగునా ఆ చాటుగోడలు ఎవరి ఆలోచనండీ?" అని అడిగారు. నాదని చెప్పాలని ఒక్క క్షణం అనిపించింది, దాచను. యాదగిరిని ముందుకు నెట్టాను. వాడు ఇస్త్రీ చొక్కా సర్దుకుని, "రోడ్డుది సార్" అన్నాడు.

చివరి రోజు

ఇప్పుడు ఆ నేల జట్టుకు పెద్ద యాదగిరే. కొత్తగా చేరినవాళ్లను మొదటివారం బండి తేనివ్వడు. ఎవరైనా మ్యాపు చూపిస్తే "నడిచినవా?" అని అడుగుతాడు. మీరు ఈ రంగంలోకి వస్తే మీకూ అలాంటి పెద్ద దొరకాలని కోరుకుంటాను. దొరక్కపోతే మీ జట్టులో బస్సు దిగి నడిచొచ్చేవాడెవడో చూసి వాడి పక్కన కూర్చోండి. వాడు సరిగ్గా రాయలేకపోవచ్చు. రాయడం రాకపోతే తప్పు లేదు, చదవడం రాకపోవడమే తప్పు. ఆ తప్పు నాది.

నా చివరి రోజున కేకు కోశారు, శాలువా కప్పారు. ప్రభాకర్ గారు మాట్లాడబోయి, ట్యాంకు సంగతిలోకి దిగి, నన్ను మర్చిపోయారు. అందరూ సర్దుకున్నాక నేను కంప్యూటర్లో పాత రిపోర్టుల్లోకి వెళ్లాను. ఆ నలభై రిపోర్టులూ అక్కడే ఉన్నాయి, ప్రతిదాని కిందా నా చేత్తో రాసిన "వివరాలు చాలవు" తో సహా. మూసేసినవాటిని ఒక్కొక్కటే మళ్లీ తెరిచాను. ఒక్కొక్కదాని కిందా "వివరం సరిపోయింది. నేనే చూడలేదు. నన్ను క్షమించు" అని రాశాను. ఒకటి రాసి మిగతావాటికి అతికించొచ్చు. అలా చేయలేదు, నలభై సార్లూ టైపు చేశాను.

మళ్లీ తెరిచిన రిపోర్టులన్నీ జట్టు పెద్దకే పోతాయి కాబట్టి, యాదగిరి తన తెర మీద అవి ఒక్కొక్కటే రావడం చూసి నా దగ్గరికొచ్చాడు.

"ఒక్కటి రాస్తే సరిపోతుండె కద మేడం."

"నువ్వు నలభై రాశావు కదయ్యా."

"ఇగ గివన్ని నేనే మూయాలె. పొద్దుగూకుతది నాకు" అని సణుక్కుంటూ తన కుర్చీకి వెళ్లి కూర్చున్నాడు. చేతివెనకతో ముక్కు తుడుచుకోవడం నాకు కనిపించింది. ఒకటొకటిగా మూస్తూ పోయాడు. నేను సంచీ భుజానికేసుకుని వాడి వెనక నిలబడ్డాను. చివరిదాని దగ్గర ఆగి, కొంచెం ఆలోచించి, మొదటి గడిలో ఒక్క లైను రాశాడు.

*బతికిన. ఎందుకో ఎర్కే.*